మెషీన్ మీద వేసిన నింద

"మీ మెషీన్‌కి జబ్బేమీ లేదండీ. ఉంటే గింటే మీకే ఉండాలి."

సూపర్‌మార్కెట్ నాలుగో కౌంటర్ దగ్గర స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ మాట అన్నది బిల్లింగ్ మెషీన్లు రిపేరు చేసే మెకానిక్ పిల్ల. అనిపించుకున్నవాడు ఆ కౌంటర్లో బిల్లులు కొట్టే కుర్రాడు. స్కానర్ చదవడం లేదని ఆమెని పిలవడం, ఆమె వచ్చి చూసేసరికి అది నిక్షేపంలా ఉండటం ఈమధ్య మామూలైపోయింది.

"మీరున్నంతసేపూ బుద్ధిగా ఉంటుందండీ. మీరలా వెళ్ళగానే మొరాయిస్తుంది."

"ఏం, నేనంటే భయమా దానికి?"

"నాకే భయమేస్తుంటే పాపం దానికెయ్యదా?"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే అలుసైపోతానని మొహం ముడుచుకుంది. ఓపిక అన్నది ఆ పిల్ల జాతకంలోనే లేదు. బస్సు కాస్త ఆలస్యమైతే నడిచి పోయే రకం. తను బాగుచేసిన మెషీన్‌ని ఎవరైనా ఒక్క మాటంటే మాత్రం సొంత చెల్లెల్ని అన్నంత రోషం.

అప్పటికే లైను నూనె డబ్బాల వరసదాకా పాకింది. ఆ కుర్రాడికి జనం పెట్టిన పేరు నత్త.

"నత్తబాబూ, ఈ జన్మకి అవుతుందా?" ఐస్‌క్రీమ్ డబ్బా పట్టుకున్న పెద్దమనిషి వెనకనుంచి అరిచాడు. "ముందున్నవన్నీ సాయం కార్డులే! వాళ్ళకో లైను విడిగా పెట్టి చావొచ్చుగా!"

సాయం కార్డంటే, ఇల్లు గడవడం కష్టమైనవాళ్ళకి సర్కారు ఇచ్చేది. తిండి సరుకులకే చెల్లుతుంది. సబ్బో బ్రష్షో కావాలంటే సొంత డబ్బు పెట్టుకోవాలి. నిజం చెప్పొద్దూ, పెద్దమనిషి మాట మెకానిక్ పిల్లకీ సబబుగానే తోచింది.

ఇంతలో మేనేజర్ ఆమెని పక్కకి పిలిచాడు. "ఒక్కటి తేల్చమ్మా. తప్పు మెషీన్‌దా, మనిషిదా? మెషీన్ బాగుందంటే రేపట్నుంచి వాణ్ణి మాన్పించేస్తా. కంప్లయింట్లు విని విని నా చెవులు పోతున్నాయి."

"చూసి చెప్తాను సార్," అని ఆమె కౌంటర్ కిందకి దూరింది. వైర్లన్నీ తడిమింది. ఎక్కడా తేడా లేదు. అంటే ఆ కుర్రాడి ఉద్యోగం పోయినట్టే. ఎందుకో మనసు చివుక్కుమంది. అయినా అబద్ధం చెప్పలేను కదా అనుకుంటూ తలెత్తింది.

అక్కణ్ణుంచి చూస్తే అతని చేతులొక్కటే కనిపిస్తున్నాయి. పైన ఎవరో ముసలావిడ గొంతు. "మనవరాలి పుట్టినరోజు నాయనా. కేకు నేనే చేస్తా." మైదా, గుడ్లు, పాలు, చక్కెర వరసగా స్కానర్ ముందునుంచి వెళ్ళాయి. చివర్లో రంగురంగుల కొవ్వొత్తుల ప్యాకెట్ వచ్చింది.

కొవ్వొత్తులు తిండి కాదు. స్కాన్ చేస్తే కార్డు ఒప్పుకోదు. వెంటనే మెషీన్ కుయ్యోమంటుంది, కౌంటర్ మీద ఎర్రలైటు వెలుగుతుంది, లైను లైనంతా తలలెత్తి చూస్తుంది.

అతని చేతిలోని స్కానర్ ప్యాకెట్ మీదికి వంగింది. అతని బొటనవేలు మెల్లగా జరిగి స్కానర్ అద్దాన్ని కప్పేసింది.

"చూశారా మామ్మా, మళ్ళీ మొరాయించింది! దిక్కుమాలిన మెషీన్!" అన్నాడు లైనంతా వినేలా. తర్వాత బార్‌కోడ్ చూస్తున్నట్టు ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "ఇది కార్డులో రాదు మామ్మా. విడిగా కొట్టనా, పక్కన పెట్టనా?"

"విడిగా కొట్టు నాయనా," అందావిడ అంతే మెల్లగా.

"ఆ మెషీన్‌ని తగలెయ్యండ్రా!" ఐస్‌క్రీమ్ పెద్దమనిషి కేక పెట్టాడు. అందరూ మెషీన్‌ని తిట్టారు, నత్తని తిట్టారు. ముసలావిడ వైపు ఒక్కరూ చూడలేదు. ఆవిడ సంచి తీసుకుని తలెత్తుకునే వెళ్ళిపోయింది.

మెకానిక్ పిల్ల కిందే ఉండిపోయింది. తర్వాత ఒకాయన పసిపిల్ల డైపర్లు తెచ్చాడు. ఇంకొకావిడ తలనొప్పి మాత్రలు తెచ్చింది. ప్రతిసారీ అదే వేలు, అదే తిట్టు, అదే గుసగుస. రోజంతా ఊరందరి చీవాట్లూ నెత్తిన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఒక మనిషి ఇలా ఉండగలడా? ఎన్నో మెషీన్లు విప్పి చూసింది గానీ, లోపల ఇంత చక్కగా ఉన్నది ఆమె కంటికి ఇదివరకెప్పుడూ పడలేదు.

భోజనాల టైములో కౌంటర్ ఖాళీ అయింది.

"వేలు చూశాను," అంది.

అతని మొహం పాలిపోయింది. "మేనేజర్‌గారికి చెప్పేస్తారా?"

"ముందు నాకు చెప్పండి. ఎందుకిలా?"

"చిన్నప్పుడు మా అమ్మ కార్డు పెడితే మెషీన్ కుయ్యోమని అరిచిందండీ. నాకు రంగు పెన్సిళ్ళు కొనబోయింది. అందరూ చూశారు. సామానంతా అక్కడే వదిలేసి నా చెయ్యి పట్టుకుని బయటికొచ్చేసింది." అతను తల దించుకున్నాడు. "మెషీన్‌ని తిడితే దానికేం బాధుండదు కదండీ."

"నాకుంటుంది!" అంది కోపంగా. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అటు తిరిగి కౌంటర్ తెర ముందు కూర్చుంది. ఎవరూ ఎన్నడూ ముట్టుకోని సెట్టింగులు ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోయింది.

పని ముగించి తనే మేనేజర్ని పిలిచింది. "తప్పు మెషీన్‌దే సార్. నలుగురి ముందూ మనుషుల మీద అరవడం నేర్పారు దానికి. మాన్పించాను. ఇకమీదట కార్డులో రానివి చప్పుడు లేకుండా విడి బిల్లులోకి పోతాయి. కొనేవాళ్ళ వైపు చిన్న తెర మీద కనిపిస్తాయి. కావాలంటే కడతారు, వద్దంటే పక్కన పెడతారు."

"మరి మా నత్త?"

"మెషీన్‌కి మర్యాద రాకపోతే ఆ పని కూడా అతనే చేశాడు సార్. అందుకే ఆలస్యం."

మేనేజర్ మళ్ళీ మొదలైన లైను వంక చూశాడు. అది చకచకా కదులుతోంది. సణుక్కుంటూ వెళ్ళిపోయాడు గానీ, మాన్పించే మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు సాయంత్రం సన్నగా వాన. మెకానిక్ పిల్ల పనిముట్లు లేకుండా, చేతిలో ఒక్క బిస్కెట్ ప్యాకెట్‌తో వచ్చి నాలుగో కౌంటర్ లైనులో చివర నిలబడింది.

"అటు ఖాళీగా ఉందమ్మా," అన్నారెవరో.

"పర్లేదండీ, నాకేం తొందర లేదు," అంది. ఆ మాట తన నోటినుంచి రావడం చూసి తనే ఆశ్చర్యపోయింది.

ఆమె వంతు వచ్చింది. అతను బిస్కెట్ ప్యాకెట్ అందుకున్నాడు గానీ స్కాన్ చేయలేదు.

"మెషీన్ బాగానే పనిచేస్తోందండీ," అన్నాడు దిగులుగా. "ఇక మిమ్మల్ని పిలవడానికి సాకు లేదు."

"సాకెందుకు? పిలవండి."

"ఏమని పిలవను?"

"చూడాలనుందని పిలవండి. వచ్చేస్తాను."

అతను తలెత్తి ఆమెని చూశాడు. వెనక లైను పెరుగుతోంది.

"చూడాలనుందండీ," అన్నాడు, ఈసారి గొంతు తగ్గించకుండా, లైనంతా వినేలా.