రెండు పిడుల డబ్బా

మాక్లూర్ దారిలో ఉన్న ఆ పసుపు కల్లం వైపు దీపాలు పెట్టాక ఎవరూ వెళ్లేవారు కాదు. అక్కడున్నది ఓ పాత రేకుల షెడ్డు, అందులో పసుపు కొమ్ములు వేసి తిప్పి నునుపు చేసే, తుప్పు పట్టిన పాలిష్ డ్రమ్ము. అమావాస్య వచ్చిందంటే చాలు, ఆ షెడ్డులో ఎండు పసుపు కొమ్ములు దొర్లుతున్న చప్పుడు... గల... గల... విన్నవాళ్లు జ్వరాన పడ్డారంటారు. జ్వరం మాటేమో గానీ, చప్పుడు మాత్రం నిజమే.

ఆ కల్లం దేవిదాస్ వాళ్లదే. తొంభై ఒకటిలో అతని బాపు పోయాడు. దినాలయ్యాక దేవిదాస్ మనసంతా ఒక బొమ్మ మీదికి పోయింది. బాపు తన చేత్తో చేసిన చిన్న పాలిష్ డ్రమ్ము అది. పాలడబ్బాకు చిల్లులు పొడిచి, రెండు వైపులా తీగ పిడులు బిగించి, లోపల నాలుగు ఎండు కొమ్ములు వేశాడు. పెద్ద డ్రమ్ముకు మల్లే ఇద్దరు చెరో పిడి పట్టుకుని తిప్పాలి. తన పిడి గుర్తుంది. అవతలి పిడి పట్టుకున్నదెవరో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. బాపు గుర్తుగా అదొక్కటి దొరికితే చాలనుకున్నాడు, పిచ్చి మనసు.

అటక మీద వెతికాడు, కొట్టంలో వెతికాడు. చివరికి తల్లి గంగమణిని అడిగాడు.

"గసొంటిది మనింట్ల లేకుండె కొడుకా," అంది ఆమె, చేటలో బియ్యం మీంచి తలెత్తకుండా. వేళ్లు మాత్రం ఆగిపోయాయి.

ఇంట్లో లేకపోతే కల్లంలో ఉండాలి. మర్నాడు మార్కెట్లో పసుపు అమ్ముకుని ఇల్లు చేరేసరికి చీకటి పడింది. తల్లి కనిపించలేదు, పక్కింటికి పోయిందనుకున్నాడు. బ్యాటరీ లైటు పట్టుకుని బయల్దేరాడు. అమావాస్య అని సగం దారిలో గుర్తొచ్చింది. వెనక్కి తిరగడానికి సిగ్గేసింది.

షెడ్డు ముందు నిలబడ్డాడు. ఆకు కదలడం లేదు...

గల... గల... గల...

పెద్ద డ్రమ్ము కాదు — డబ్బా చప్పుడు. భయం కన్నా ముందు ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆ చప్పుడు అతనికి తెలుసు.

బ్యాటరీ వేశాడు. చప్పుడు ఆగిపోయింది.

మూలన నేల మీద గంగమణి కూర్చుని ఉంది. ఒళ్లో పాలడబ్బా.

"అవ్వా... నువ్వా?"

"లైటు ఆర్పు కొడుకా."

ఆర్పాడు. చీకట్లోనే చెప్పిందామె.

"నీకొక అక్క ఉండె. రామవ్వ. నీకు మూడేండ్లప్పుడు జ్వరమొచ్చి పోయింది. చిన్నపిల్ల గదా, గీ మూలకే బొంద పెట్టినం. ఆడుకున్న బొమ్మ ఎంబడే పెట్టాలె. పెట్టకుంటే పిల్ల దానికోసం తిరుగుతదంటరు. మీ బాపు పెట్టుమనే ఇచ్చిండు. నాకు పాణం ఒప్పలె... కొంగుల దాసుకున్న."

"బాపుకు తెల్వదా?"

"చెప్పలె. దాని పేరెత్తితేనే గోడదిక్కు తిరిగి పండుకునేటోడు. పిల్ల దీనికోసం తిరగొద్దని అమాసకు అమాసకు వచ్చి జరసేపు ఆడిస్త. దయ్యమంటుండ్రు జనాలు. అననీ. భయమున్నన్ని దినాలు ఎవ్వలు గీ మూల తొక్కరు."

అక్క ఉండేదని కూడా తెలియకుండానే ఇన్నేళ్లు బతికాడు దేవిదాస్. తడిమి డబ్బా అందుకున్నాడు. ఒక పిడి పట్టుకుని తిప్పబోయాడు. డబ్బా వాలిపోయింది. కొమ్ములు ఓ పక్కకు జారి ఊరుకున్నాయి.

"ఒక్కలతోని తిరగదు కొడుకా," అంది గంగమణి.

"మరి... నేనొచ్చేటప్పుడు తిరుగుతుండె గదా అవ్వా?"

ఆమె కొంచెం జరిగి కొడుక్కి చోటిచ్చింది.

"నువ్వు గిటు కూసో," అంది మెల్లగా. "అది గటు కూసున్నది."