వేలు పట్టుకునే నాబ్

మెట్ల మీద లైట్లు ఆరిపోయే సమయానికి కింద, వాచ్‌మన్ కుర్చీ పక్కన ఏజెంట్ ఇస్త్రీ నిలబడి ఉన్నాడు.

లిఫ్ట్ చెడిపోయింది. "మెట్లు దిగి వచ్చేయండి. నేను కిందే ఉన్నాను, భయం లేదు" అని తను కాపలా కాస్తున్న డిజైనర్‌కి ఫోన్లో చెప్పింది తనే. పైనుంచి చెప్పుల చప్పుడు దిగుతూ వస్తోంది. చీకటి కాగానే ఆ చప్పుడు ఆగిపోయింది. "సార్, ఇక్కడెవరో ఉన్నారు" అని డిజైనర్ గొంతు. ఆ వెంటనే మనిషి పడిన చప్పుడు.

లైట్లు తిరిగి వచ్చేసరికి డిజైనర్ మొదటి అంతస్తు మలుపులో పడి ఉన్నాడు. ఊపిరి లేదు. చంపినవాడి జాడా లేదు.

ఇస్త్రీ అసలు పేరు ఏజెన్సీలో చాలామందికి తెలియదు. నలగని బట్టలు వేసుకుంటాడని తోటివాళ్ళు వేళాకోళానికి పెట్టిన పేరే చివరికి కోడ్‌నేమ్ అయి కూర్చుంది. ఆ రోజు తరువాత కూడా అతని చొక్కా నలగలేదు గానీ నిద్ర నలిగిపోయింది. ఏ బిల్డింగ్‌లో మెట్లెక్కినా వెనకాల చెప్పుల చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అతనికి దయ్యాల మీద నమ్మకం లేదు. నమ్మకం లేనివాడికి దయ్యం పడితే మరీ కష్టం, నలుగురితో చెప్పుకోనూ లేడు, తాయెత్తు కట్టించుకోనూ లేడు.

కొన్ని నెలల తరువాత ఒక ఉదయం చీఫ్ పిలిచాడు.

"కూర్చో. వాషింగ్ మెషీన్ కేసు."

ఇస్త్రీ కూర్చోలేదు. "ఆ కేసు నాకొద్దు సార్."

"నీకొద్దనే నీకిస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం పేటెంట్ ఆఫీసులో ఫైనల్ హియరింగ్. లాయరమ్మ చెబుతుంది, విను."

గదిలో ఒక మూల కూర్చున్న పేటెంట్ లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఏజెన్సీలో అందరూ ఆమెను లాయరమ్మ అనే అంటారు. ఆమె బల్ల మీద ఒక ఫొటో పెట్టింది. తెల్లటి వాషింగ్ మెషీన్. ముందు ప్యానెల్ మీద ఒక్క అక్షరం లేదు, స్క్రీన్ లేదు, లైట్లు లేవు. మధ్యలో ఒకే ఒక నాబ్, దాని చుట్టూ నాలుగు గట్టుల్లాంటి గీతలు.

"వాళ్ళక్కకి చూపు తగ్గిపోతుంటే డిజైనర్ ఆమె కోసం దీన్ని చేశాడు. లోపల బట్టల బరువును బట్టి నాబ్ బిగుసుకుంటుంది, వదులవుతుంది. సరైన చోటికి రాగానే వేలిని పట్టి ఆపేస్తుంది. చూడక్కర్లేదు."

"ఇందులో పేటెంట్ చెయ్యడానికి ఏముంది మేడమ్? బటన్లు అటువి ఇటు పెట్టడమేగా?"

"అవతలి లాయరూ అదే వాదించాడు. కంటికి అందంగా ఉండటమొక్కటే అయితే దాన్ని డిజైన్‌గా రిజిస్టర్ చేసుకోవాలి, పేటెంట్ ఇవ్వరు. కానీ ఇది మెషీన్ లోపలి సంగతిని వేలికి చేరవేస్తోంది. అది టెక్నికల్ ఎఫెక్ట్. ఆ వాదన మేం గెలిచాం. ఇక మిగిలింది కొత్తదనం." ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. "అప్లికేషన్ వేసేనాటికి ఆ సంగతి లోకానికి తెలిసి ఉండకూడదు. ఏ షరతూ లేకుండా ఒక్క బయటి మనిషి దాన్ని చూసి, వాడినా చాలు, కొత్తదనం పోయినట్టే. రహస్యంగా ఉంచుతానని మాటిచ్చి చూసినవాళ్ళు మాత్రం లెక్కలోకి రారు."

చీఫ్ అందుకున్నాడు. "విదేశీ రింగ్ ఒకటి ఇదే ప్యానెల్‌తో లక్షల మెషీన్లు తయారుచేసి గోడౌన్లలో దాచింది. పేటెంట్ వస్తే అవన్నీ తుక్కు. అందుకే మనిషిని తీసేశారు. అతను పోయాక వాళ్ళక్క తరఫున లాయరమ్మ అప్లికేషన్ వేస్తుందని వాళ్ళు ఊహించలేదు. ఇన్వెంటర్‌గా అతని పేరే ఉంది. ఇప్పుడు ఆ అప్లికేషన్‌ని కూడా కొట్టేయించాలని చూస్తున్నారు. అప్లికేషన్ పడకముందే వాళ్ళ మనిషి ఒకామె అక్క ఇంటికెళ్ళి, ఆ మెషీన్ వాడి, వీడియో తీసుకొచ్చింది. ఆ వీడియో ఉన్న చిప్ కావాలి. తెచ్చి, కాల్చెయ్."

"ఎవరా మనిషి?"

చీఫ్ కిటికీ వైపు చూశాడు. "సిల్క్."

ఇస్త్రీ అప్పుడు కూర్చున్నాడు. సిల్క్ ఏజెన్సీలోకెల్లా తెలివైన ఏజెంటు, అందగత్తె. ఏ పార్టీలోకైనా పిలుపు లేకుండా వెళ్ళి మర్యాదలు చేయించుకుని రాగలదు. ఇన్నేళ్ళూ పక్క టేబుల్ దగ్గరే కూర్చుంది. డిజైనర్‌కి కాపలా ఎవరో, అతను ఏ దారిన దిగుతాడో ఆమెకు చెప్పింది తనే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇస్త్రీ ఏపాటి?

"ఇదిగో నీ ఆయుధం" అంటూ చీఫ్ ఒక చిన్న ట్రావెల్ ఐరన్ జరిపాడు. "హ్యాండిల్లో చిప్ రీడర్, చిన్న తెర, స్పీకర్. నీ పేరు చూసి కాదులే, నిజంగానే అవసరపడింది."

హోటల్లో సిల్క్ గది తలుపు తట్టిన లాండ్రీ మనిషికి తెల్ల యూనిఫాం, చెంపల మీద నెరిసిన జుట్టు, వంగిన నడుము ఉన్నాయి. లాండ్రీకి ఫోన్ చేసింది ఆమే. తలుపు తీసిన సిల్క్‌ని ఆ వేషంలోంచే ఇస్త్రీ పరకాయించి చూశాడు. అదే అందం, కానీ కళ్ళ కింద నలుపు. ఉక్కగా ఉన్న ఆ గదిలో చేతులకు గ్లవ్స్.

"ఈ కోటు తీసుకెళ్ళు. తొందరేం లేదు. తిరిగి తేకపోయినా ఫరవాలేదు."

కాలర్‌కి ఎర్రరాయి పిన్ను. కెమెరా అందులోనే ఉంది. ఇంత తేలిగ్గా దొరకడం అతనికి నచ్చలేదు.

"అలాగే అమ్మగారూ."

"వెళ్ళేముందు ఆ ఏసీ నాబ్ కాస్త తిప్పి వెళ్ళు."

నాబ్ ఆమె మోచేతి పక్కనే ఉంది. ఇస్త్రీ గది దాటి వెళ్ళి తిప్పాడు. ఆమె అటు చూడకుండా మొహం తిప్పుకుంది.

కింద లాండ్రీ గదిలో ఆవిరి, తడి దుప్పట్ల వాసన. ఇస్త్రీ తలుపు గడియ పెట్టి, పిన్నులోంచి చిప్ లాగి ఐరన్ హ్యాండిల్లో దూర్చాడు. దాన్ని ఒకసారి కాపీ చేసినట్టు రీడర్ చూపించింది. అంటే వీడియో ఇప్పటికే అవతలి లాయరు చేతిలో ఉంది. ఇది కాల్చినా ఒకటే, కాల్చకపోయినా ఒకటే.

"దొరికిందా?" చెవిలో చీఫ్.

"దొరికింది. కానీ సార్..."

"కాల్చెయ్. ఆర్డర్."

వేడెక్కిన ఐరన్ చేతిలో ఉంది. చిప్ తీసి దాని కింద పెడితే క్షణంలో కరిగిపోతుంది. కానీ ఆ ఇంటిని ఒక్కసారి చూడాలనిపించింది. చచ్చిపోయినవాడి ఇంటికి ఇన్ని నెలల్లో పరామర్శకైనా వెళ్ళలేదు. గడప తొక్కే ధైర్యం చాలలేదు. అతను చెవిలోంచి ఇయర్‌పీస్ తీసేసి ప్లే నొక్కాడు.

చిన్న గది. మూలన ఉతికిన గుడ్డ కప్పిన మెషీన్. నడివయసు దాటిన ఒకామె గోడ పట్టుకుని వస్తోంది.

"పక్క వీధిలో కొత్తగా దిగాం అక్కా" సిల్క్ గొంతు, తేనె పూసినట్టు. "మా మెషీన్ ఇంకా రాలేదు. రెండు దుప్పట్లు వేసుకోనా?"

"వేసుకో తల్లీ, దానికేం. ఉండుండు, ముట్టుకోకు. ముందు ఒట్టు వెయ్యి."

"దేనికక్కా?"

"ఇది మా తమ్ముడు కనిపెట్టింది. ఇంకా రిజిస్టర్ కాలేదు. ఎవరికీ చెప్పనని, చూపించనని నా చేతిలో చెయ్యేసి వాడి మీద ఒట్టు వెయ్యి. ఎవరొచ్చినా ఇదే మాట. గ్యాస్ అబ్బాయి చేత కూడా వేయించాను."

సిల్క్ నవ్వింది. "మీ తమ్ముడు పోయారన్నారుగా. పోయినవాళ్ళ మీద ఒట్టేమిటక్కా?"

"బతికున్నవాళ్ళ మీద వేసి తప్పితే వాళ్ళకి ప్రమాదం. పోయినవాళ్ళకి ఇంకేం ప్రమాదముంది? తప్పినవాళ్ళని అడగడానికి వాళ్ళే వస్తారు."

తెరలోకి ముడతల అరచెయ్యి వచ్చింది. దాని మీద పొడుగాటి గోళ్ళ చెయ్యి పడింది. "సరే, ఒట్టు."

మెషీన్ మీది గుడ్డ తొలగింది. ఆ గోళ్ళ చెయ్యి నాబ్ తిప్పుతూ ఒకచోట ఉలిక్కిపడి ఆగింది.

"వేలు పట్టుకుంది కదూ?" అక్క గొంతులో మురిపెం. "చిన్నప్పుడు వాడికి నా వేలు పట్టించి నడక నేర్పాను. నాకు చూపు తగ్గాక, ఇదిగో, వాడు నాకు పట్టించాడు."

ఇస్త్రీ ఐరన్ ప్లగ్ పీకేశాడు. ఏడుపొచ్చింది. ఏడవడానికి టైం లేదు కాబట్టి పరుగెత్తాడు.

పేటెంట్ ఆఫీసు లిఫ్టు దగ్గర పెద్ద క్యూ. మెట్లే గతి. రెండో అంతస్తు మలుపులో వెనకాల చెప్పుల చప్పుడు మొదలైంది. "వస్తున్నానయ్యా, నీ పని మీదే వస్తున్నాను" అన్నాడు గట్టిగా. దిగుతున్న గుమాస్తా ఒకడు గోడకి అంటుకుపోయాడు.

హియరింగ్ హాల్లో తెర మీద వీడియో ఆఖరికొచ్చింది. గోళ్ళ చెయ్యి, నాబ్, తిరుగుతున్న దుప్పట్లు. శబ్దం లేదు. ముందు భాగమూ లేదు.

"చూశారుగా" అన్నాడు రింగ్ తరఫు సూటు లాయరు. "అప్లికేషన్‌కి ముందే, పక్కవీధి మనిషి, దర్జాగా బట్టలుతుక్కుంది. ఇక కొత్తదనం ఎక్కడిది?"

లాయరమ్మ పక్కన అక్క నిటారుగా కూర్చుని ఉంది. రింగ్ వైపు కుర్చీల్లో సాక్షి సిల్క్, ఆమె పక్కన మెడ లేనట్టుండే ఒక లావుపాటి మనిషి. తీర్పు రాయాల్సిన పేటెంట్ అధికారి, కంట్రోలర్, పెన్ను మూత తీసి కాగితం మీదికి వంగాడు.

"ఒక్క నిమిషం సార్!"

అందరూ తిరిగి చూశారు. చెమటలు కక్కుతున్న లాండ్రీ మనిషి, చేతిలో ఇస్త్రీ పెట్టె.

"ఎవరయ్యా నువ్వు? బట్టలు తరవాత" అన్నాడు కంట్రోలర్.

ఇస్త్రీ ఐరన్‌ని లాయరమ్మ ముందు పెట్టి హ్యాండిల్ నొక్కాడు. "వేసుకో తల్లీ, దానికేం. ఉండుండు, ముట్టుకోకు. ముందు ఒట్టు వెయ్యి" అంది ఇస్త్రీ పెట్టె.

సూటు లాయరు ఎగిరి లేచాడు. "అభ్యంతరం! అది దొంగిలించిన చిప్!"

"ఓహో, అయితే అది మీదేనన్నమాట" అంది లాయరమ్మ. "మేం కల్పించింది కాదని మీరే చెప్పారు. సంతోషం."

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నానని లాయరుకి ఆలస్యంగా తెలిసింది. గొంతు సవరించుకున్నాడు. "ఒట్టూ లేదు గిట్టూ లేదు. పెద్దావిడ మాట కాదనలేక నవ్వులాటకి అన్నది. సంతకం ఉందా?"

"సంతకమే కావాలని చట్టంలో ఎక్కడుంది? ఆమె నమ్మి చూపించింది. ఈమె మాటిచ్చి చూసింది. మాటిచ్చి చూసిన మనిషి పబ్లిక్ కాదు."

కంట్రోలర్ సిల్క్ వైపు తిరిగాడు. "మీరు నిజంగానే ఒట్టు వేశారా, నవ్వులాటకా?"

నవ్వులాటకే అంటే చాలు, అంతా అయిపోతుంది. సూటు లాయరు కళ్ళతోనే ఆ మాట అందిస్తున్నాడు. అక్క ఆమె గొంతు కోసం చెవి ఒగ్గి కూర్చుంది.

సిల్క్ మెల్లగా గ్లవ్స్ తీసింది.

"నవ్వుతూనే వేశాను. మర్నాడు మా ఇంట్లో స్టవ్ నాబ్ తిప్పాను. వేలు పట్టుకుంది. రేడియో తిప్పితే పట్టుకుంది. తలుపు పిడి కూడా. అవతల్నుంచి ఎవరో ఏదో అడగడానికి ఆగమన్నట్టు." ఆమె అక్క వైపు తిరిగింది. "ఆ పిన్ను తెలిసే కోటుకి వదిలేశాను, ఎవరైనా పట్టుకెళతారని. వేశానండీ. ఒట్టు వేశాను. ఆ రోజు మెట్ల మీద లైట్లు ఆర్పింది, ఈమె తమ్ముణ్ణి తోసింది నా పక్కనున్న ఇతనే. దారి చెప్పింది నేను."

మెడ లేని మనిషి తలుపు వైపు దూకాడు. ఇస్త్రీ ఐరన్ వైరు విసిరి అతని కాళ్ళకి మెలేశాడు. మనిషి బోర్లా పడ్డాడు. బయట సెక్యూరిటీ వాళ్ళు మిగతా పని చూసుకున్నారు. సూటు లాయరు తేలు కుట్టిన దొంగలా కాగితాలు సర్దుకోవడంలో మునిగిపోయాడు.

కంట్రోలర్ రాయడం మొదలుపెట్టాడు. ఇన్వెంటర్ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆ పేరును పైకి చదివి, పేటెంట్ మంజూరు చేశాడు.

హాలు ఖాళీ అయ్యాక ఇస్త్రీ అక్క ముందు నిలబడ్డాడు. నెలల తరబడి దాచుకున్న మాట బయటికి తీశాడు. "ఆ రోజు మెట్లు దిగమని చెప్పింది నేనే అక్కా."

"తెలుసు. ఆ రోజు వాడి ఫోన్లోంచి పక్క గదిలో ఉన్న నాకు వినిపించింది నీ గొంతు." ఆమె చెయ్యి గాల్లో వెతికి అతని మణికట్టు పట్టుకుంది. "నీ మీద కోపం పోలేదు. ఇంత ఆలస్యంగా వచ్చావని ఇంకా పెరిగింది. పద, ఇంటికి తీసుకెళ్ళు."

ఇద్దరూ మెట్లు దిగారు. ఆమె చెప్పులు, అతని బూట్లు. మూడో చప్పుడు కోసం అతను చెవులు రిక్కించాడు. వినిపించలేదు. వినిపించనందుకు దిగులేసింది కూడా.

ఇంట్లో ఆమె మెషీన్ మీది గుడ్డ తీసింది. ఇస్త్రీ వేలు చాచాడు. ఆమె దాని మీద చిన్న దెబ్బ వేసింది.

"ముందు ఒట్టు."

"పేటెంట్ వచ్చేసింది కదక్కా. ఇక ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు. దాచేదేం లేదు."

"చదువుకునేవాళ్ళు చదువుకోనీ. ముట్టుకునేవాళ్ళు ఒట్టు వెయ్యాలి."

సర్వీసులో చేరిననాడు దేశ రహస్యాలన్నీ కాపాడతానని సంతకం పెట్టినప్పుడు కూడా ఏజెంట్ ఇస్త్రీ చెయ్యి ఇంతలా వణకలేదు.