కొండ కాలేజీ కోటు

టీలు చల్లారిపోతున్నా తండ్రీకూతుళ్లకు పట్టలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పెళ్లిసంబంధాలు చూసినట్టు రెండు కాలేజీలకు వంకలు వెతుకుతున్నారు. ఒకటి చలికొండ మీద, రెండోది ఎండలు కాసే గుట్టల ఊళ్లో.

“కొండ కాలేజీలో ఏడాదికి సగం రోజులు పొగమంచే నాన్నా. మిగతా సగం వాన,” అంది చిన్నకూతురు. ఇంట్లో ఆమె పేరు పొట్టి.

“వాన గట్టిగా పడితే ఘాట్ రోడ్డు మూసేస్తారు. పైనున్నవాళ్లు పైనే, కిందున్నవాళ్లు కిందే,” అన్నాడు తండ్రి. ఆయన బస్సు డ్రైవరు. ఆ మలుపులన్నీ ఆయనకు కొట్టిన పిండి.

“అక్కడ చేరినవాళ్లలో వందకి ముప్పైమంది మొదటి ఏడాదే దిగొచ్చేస్తున్నారట. ఎండ కాలేజీలో పదిమంది కూడా మానరు. రాళ్ల గురించి చదవాలంటే అక్కడే చదవాలి. చుట్టూ గుట్టలేగా, పాఠం కిటికీలోంచే కనిపిస్తుంది,” అంది పొట్టి.

“రాళ్ల కోసం అంత దూరం పోవాలా? మన వీధిలో కావలసినన్ని లేచి ఉన్నాయి,” అంది తల్లి, కుట్టుమిషను దగ్గర్నుంచి. “ముప్పైమంది పోతే పోనీ, డెబ్బైమంది ఉంటున్నారుగా. చల్లటి చోట చదువు బుర్రకెక్కుతుంది. నువ్వు కొండకే వెళ్తున్నావు. కోటు కూడా అయిపోవచ్చింది.”

“చలిగాలి తగిలితే నాకు ఛాతీ పట్టేస్తుందమ్మా.”

“కోటేసుకుంటే ఏమీ పట్టదు.”

ఇక మాట లేదన్నట్టు మిషను గడగడలాడింది. ఏ కాలేజీయో ఆ సాయంత్రంలోగా తేల్చి చెప్పాలి. పొట్టి తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన టీ గ్లాసులోకి చూశాడు.

ఆ పేటలో తల్లిని అందరూ టైలరమ్మ అంటారు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసిందంటే చాలు, టేపు అక్కర్లేదు. పెద్దకూతురు పోయి రెండేళ్లయింది. కొండ కాలేజీలో సీటొచ్చి, పెట్టె సర్దుకుని, రేపోమాపో బయల్దేరుతుందనగా జ్వరం పట్టుకుంది. అది పిల్లను తీసుకునే పోయింది.

అప్పట్నుంచీ మిషను తొక్కుతున్నప్పుడల్లా టైలరమ్మకు వెనక ఎవరో నిలబడ్డట్టు ఉంటుంది. “అమ్మా, ఎంతవరకొచ్చింది?” అని అడిగినట్టు ఉంటుంది. పెద్దది అచ్చం అలాగే అడిగేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు కాబట్టి తిరిగి చూడటమే మానేసింది. చూడకపోతే ఉన్నట్టేగా! పిచ్చితల్లి లెక్క అది. ఈ కోటు మొదలెట్టాక ఆ గొంతు రోజూ వస్తోంది. ఆమెకు భయం గొంతంటే కాదు, కోటు పూర్తయితే ఆ గొంతు ఏమైపోతుందోనని. చక్కగా కుదిరిన కుట్లు కూడా విప్పి మళ్లీ కుట్టింది.

విప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు. చివరి గుండీ కుట్టి, దారం తెంపి, “ఏదీ, ఇటు రా. వేసి చూడు,” అంది.

పొట్టి వచ్చి కోటు తొడుక్కుంది. చేతులు వేళ్ల చివర్లు దాటి వేలాడాయి. భుజాలు జారాయి. అంచు మోకాళ్ల కిందికి దిగింది.

“పెరుగుతుందిలే,” అన్నాడు తండ్రి, నవ్వబోయి.

“నేనింక పెరగను నాన్నా.” పొట్టి తల్లి వైపు తిరిగింది. “ఇది ఎవరికి కుట్టావమ్మా?”

“నీకే. కాస్త కొలత తప్పింది, అంతే. ఇలా తే, పొట్టి చేస్తాను.”

“నువ్వు కొలత తప్పడమా? వీధి చివర నడిచేవాళ్ల కొలతలు చెప్తావు. రోజూ ఎదురుగా తిరిగేదాన్ని, నేను కనపళ్లేదా?” పిల్ల వేలాడుతున్న కోటు చేతులు ఎత్తి చూపించింది. “పొడుగు అక్కది. కాలేజీ అక్కది. ఛాతీ పట్టేసేది మాత్రం నాకు!”

“నోర్ముయ్! అదే ఉంటే నాకిలా ఎదురు మాట్లాడేది కాదు.”

“నోరు జారకు!” అన్నాడు తండ్రి లేచి నిలబడి. ఆ ఇంట్లో ఆయన గొంతు అంత పైకి లేవడం ఎవరూ ఎరగరు.

పొట్టి మాత్రం అరవలేదు. కోటు విప్పలేదు. “నాకూ అక్క గుర్తొస్తుందమ్మా. పక్కలో చెయ్యి చాపితే ఖాళీగా తగులుతుంది. కానీ నేను అక్కనైపోయి ఆ కొండెక్కాననుకో, నీకు చిన్నకూతురు కూడా ఉండదు. ఇద్దరం పోయినట్టే.”

 టైలరమ్మ చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. ఇన్నాళ్లూ చూడకుండా దాచుకున్న చోటు. మేకుకు వేలాడుతున్న ఎవరివో జాకెట్లు, గోడ. “అమ్మా” అన్న మాట మళ్లీ వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చుంది. రాలేదు. 

మెల్లగా ఇటు తిరిగింది. పొడుగాటి కోటులో, ముక్కు ఎర్రబడి, బెదిరిపోయి నిలబడి ఉంది చిన్నది. ఎంత సన్నబడింది! ఎప్పుడు సన్నబడింది?

“కూర్చో,” అంది టైలరమ్మ. “ఆ ఎండ కాలేజీ సంగతి మళ్లీ చెప్పు. మొదట్నుంచీ చెప్పు. ఈ పొద్దున్నుంచే కాదు, ఎన్ని రోజులుగా చెప్తున్నావో, నా చెవికి ఒక్క ముక్క ఎక్కలేదే తల్లీ.”

పొట్టి నమ్మలేక తండ్రి వైపు చూసింది. ఆయన చెప్పమన్నట్టు తలూపి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేల మీద తల్లి కాళ్ల దగ్గర కూర్చుని పిల్ల మొదలుపెట్టింది. అక్కడ వానలు తక్కువట, గాలి పొడిగా ఉంటుందట. ఎండాకాలం మధ్యాహ్నం ఎవరూ బయటికి రారట, పొద్దున్నే గుట్టల మీదికి తీసుకెళ్తారట. ఆడపిల్లలు సగానికి సగం ఉన్నారట.

టైలరమ్మ కళ్లార్పకుండా వింది. వింటూ వింటూ మధ్యలో ఆపింది.

“నీ గొంతేమిటే, ఇంత బొంగురుగా ఉంది?”

“ఎప్పుడూ ఇంతేనమ్మా,” అంది పిల్ల.

టైలరమ్మ దాన్ని ఒళ్లోకి లాక్కుని బావురుమంది.