నడి వేసవిలో ఊట

"సార్, మా స్థలంలో ఊట పుట్టిందండి!"

మెట్లెక్కి వచ్చిన రొప్పుతోనే అంది రిబ్కా. చంకలో ఏడాది నిండని పాప. ప్రైవేట్ డిటెక్టివ్ చంద్రశేఖరం కాఫీ గ్లాసు కింద పెట్టాడు. తిరువూరు బస్టాండు ఎదుటి ఆ మేడగదికి అంతవరకూ తప్పిపోయిన గేదెల కేసులే ఎక్కువ. అయినా అసిస్టెంటు జోజప్పకు మాత్రం తమ సార్‌ని మించినవాడు మద్రాసులో కూడా లేడని నమ్మకం.

రిబ్కా భర్త సుందరరావు బడిపంతులు. వాళ్ళు అద్దెకుంటున్న గది పత్తి మిల్లు పక్కనే. ఆ దూది దుమ్ముకి పాప దగ్గి దగ్గి ఊపిరాడక గుడ్లు తేలేస్తోంది. అందుకే ఊరి చివర స్థలం కొన్నారు. వానలు పడేలోగా పునాది తీద్దామనుకుంటే, మండే మే నెలలో స్థలం బురదయింది, తుంగ మొలిచింది. మేస్త్రీ శౌరయ్య వచ్చి చూసి, "ఇది ఊట నేలమ్మా, గోడ నిలవదు" అని పలుగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

"మావారు రేపే అమ్మేస్తానంటున్నారు సార్. స్థలం పక్కింటి బట్టల కొట్టు వెంకటకృష్ణారావు గారు గోడౌనుకి అడుగుతున్నారు. అమ్మితే మళ్ళీ ఆ గదే గతి. నా బిడ్డ ఇంకా అక్కడే ఉంటే..."

జోజప్ప సార్ చెవిలో గొణిగాడు. "గోడ నిలవని చోట గోడౌను ఎలా నిలుస్తుంది సార్? దొంగ దొరికేశాడు!"

"ముందు నేలని అడుగుదాం పదవయ్యా."

స్థలానికి తూర్పున వెంకటకృష్ణారావు ఇల్లు, పడమట సామ్రాజ్యం ఇల్లు. ఆవిడ అప్పడాలు చేసి అమ్ముతుంది. వీళ్ళు వెళ్ళేసరికి ఎండ జరిగినకొద్దీ చాపలు జరుపుకుంటోంది. "పసిబిడ్డతో ఈ చిత్తడిలో కాపరమేంటమ్మా? అమ్మేసుకోండి" అంది.

వెంకటకృష్ణారావు పంచె మోకాళ్ళ పైకెత్తి, గట్టు మీదే ఆగిపోయాడు. "నేను రానండీ, చెప్పులు కొత్తవి! ఎర్రమట్టి తోలించి ఎత్తు చేసుకుంటాను, మీకెందుకా బాధ?"

చంద్రశేఖరం బురదలో మోకాళ్ళూని తుంగ పీకి చూశాడు, పలుగుతో తవ్వించి మట్టి నలిపి చూశాడు. తూర్పు మూల ఇంకో గొయ్యి తీయించి, మట్టి వాసన చూసి ముఖం చిట్లించాడు. "జోజప్పా, సాయంత్రానికి అందర్నీ ఇక్కడికి పిలు" అన్నాడు.

సాయంత్రం అందరూ చేరారు. చంద్రశేఖరం తలా గుప్పెడు తుంగ ఇచ్చాడు. "నాటండి."

"ఏంటండీ ఈ వేళాకోళం!" అన్నాడు సుందరరావు.

శౌరయ్య గుప్పెడూ ఒకేచోట గుచ్చి, సిమెంటు అద్దినట్టు అరచేత్తో అదిమాడు. వెంకటకృష్ణారావు రెండు వేళ్ళతో ఒక్క పరక పట్టుకుని నిలబెట్టాడు. అది పడిపోయింది.

"చాల్లే సంబడం, ఇటివ్వండి!" అని నవ్వుతూ సామ్రాజ్యం చీర ఎగదోపింది. నడుం వంచి, బొటనవేలితో నాలుగు పరకలు విడదీసి గుచ్చి, ఓ అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ గుచ్చింది, మళ్ళీ వెనక్కి. మూడో కుదురు దగ్గర చెయ్యి ఆగిపోయింది. నవ్వూ ఆగిపోయింది.

"వరి నాటిన చెయ్యి మీది. పుట్టిల్లు ఎక్కడండీ?" అడిగాడు డిటెక్టివ్ మెల్లగా.

"వినగడప. అక్కడంతా వరి పొలాలే" అంది ఆవిడ తల దించుకుని.

"తుంగ తనంతట మొలిస్తే అడ్డదిడ్డంగా అల్లుకుంటుంది. పీకితే వేళ్ళ వెంట గడ్డలొస్తాయి. ఇక్కడ పీకితే ఒట్టి పరకలొచ్చాయి, అదీ జానెడేసి దూరంలో, వరుసగా! ఇక నీళ్ళు. ఊట కిందనుంచి రావాలి. ఇక్కడ పైన బురద, మూరెడు లోతున దుమ్ము. అంటే ఎవరో బిందెలతో పోశారు."

"ఎందుకు పిన్నీ?" అడిగింది రిబ్కా.

"మీ గోడ లేస్తే పొద్దుటెండ పోతుందే. గోడౌనైతే ఆయన ఇంటి పక్కనే, నాకు దూరంగా కడతారు. అప్పడాలు బూజు పడితే నేనేం తిని బతకను? పాపకి జబ్బని నాకు తెలీదమ్మా, ఒట్టు!"

"నేను అప్పుడే అన్నాను, వెంకటకృష్ణారావు గారు మంచివారని" అన్నాడు జోజప్ప.

"ఎప్పుడయ్యా?" అన్నాడు చంద్రశేఖరం.

ఆయన తూర్పు మూలకి నడిచాడు. "అసలు ఊట కూడా ఉంది, ఇదిగో ఇక్కడ. మట్టి బూడిద రంగు, మధ్యలో తుప్పు చారలు, కుళ్ళు వాసన. ఏడాదిలో చాలాకాలం నీళ్ళు నిలిచే నేలకే ఈ గుర్తులు." మట్టి రంగు మారినచోటల్లా జోజప్ప చేత కర్రలు పాతించాడు. "ఈ కర్రలకవతల గోడ కట్టొద్దు, అరటి పెట్టుకోండి. ఇవతలంతా గట్టి నేల. రాయిలా నిలుస్తుంది ఇల్లు."

అంటే ఇల్లు పడమటివైపే రావాలి. సామ్రాజ్యం ఇంటిదారి పట్టింది.

రిబ్కా పాపని భుజం మార్చుకుంది. కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఆవిడ వైపే చూస్తూ నిలబడింది.

"ఏవండీ, పెంకుటిల్లు వద్దు. డాబా వేద్దాం. పిన్నీ, ఆగు! డాబా మీద ఎండకి అడ్డేముంటుంది? చాపలు అక్కడ పరుచుకో."

సామ్రాజ్యం వెనక్కి తిరిగి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "కాకుల కాపలా నాదేనమ్మా. మీ పిల్లదాని కాపలా కూడా."

శౌరయ్య అప్పుడే నేల మీద తాడు లాగుతున్నాడు. "మెట్లు ఆవిడ వైపు వేసెయ్యనా అమ్మా?"

"అటే వెయ్యి. కానీ పిట్టగోడ మాత్రం ఎత్తుగా కట్టు శౌరయ్యా, వచ్చే ఏటికి ఇది నడుస్తుంది!"