మెయిలింగ్ లిస్టులో చావు కబురు

చీఫ్ బ్రీఫింగ్ అరనిమిషంలో ముగిసింది. గోదావరిఖనిలోని ఒక గని మెయిలింగ్ లిస్టులోకి విదేశీ ముఠా వైరస్ వదలబోతోంది. ఆ మెయిల్ ఫ్యాన్‌హౌస్ కంప్యూటర్‌కి చేరిందంటే గనిలోకి గాలి పంపే ఫ్యాన్ ఆగిపోతుంది. "దాన్ని ఆపే ఫిల్టర్ నీ బాధ్యత. తోడుగా యమున ఉంటుంది."

ఏజెంట్ ప్రశాంత్ గుమాస్తా వేషంలో మూడు వారాలు గడిపాడు. తోడుండాల్సిన యమున సిల్కు చీరతో, తియ్యని నవ్వుతో అతన్ని సర్వర్ రూంలోకి పంపి బయట తాళం పెట్టింది. ఆవిడ రెండు పక్షాలకూ పనిచేస్తోందని మనవాడికి అప్పుడు తెలిసింది! ఫోన్‌కి జామర్. ఫిల్టర్‌కి కొత్త పాస్‌వర్డ్.

"రెండింటికి మెయిల్ వెళ్తుంది. చూస్తూ కూర్చో," అంది తలుపుకున్న చిన్న అద్దం అవతలి నుంచి, వెళ్ళిపోతూ.

టైం ఒకటీ యాభై. వాచీలోని లేజర్ తలుపు మీది రంగును మాత్రమే కరిగించింది. కింద నూట ఎనభై మంది మొదటి షిఫ్టులో ఉన్నారు. వాళ్లలో అక్క మమత పెనిమిటి ఎల్లేశం ఒకడు. ప్రశాంత్ సర్వీసులో ఇంత భయం ఎన్నడూ ఎరగడు.

మామూలు సభ్యుడిలా ఒక మెయిల్ పంపడం తప్ప అతని చేతిలో ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఈ గనిలో డ్యూటీలో ఎవరైనా పోతే ఆ పూట పని బందు, అందరూ పైకి వచ్చేస్తారు. ఆ మర్యాదను ఎవరో పాతకాలం ఆఫీసరు లిస్టులోనూ పెట్టించాడు. చావు కబురు వస్తే మిగతా మెయిళ్లన్నీ మర్నాటిదాకా వాటంతటవే ఆగిపోతాయి. బయటి మనిషి యమునకు ఆ సంగతేం తెలుసు?

కానీ ఎవరి చావు? బతికున్నవాళ్ల పేరు రాయడానికి చేతులు రాలేదు. చివరికి తన పేరే కొట్టాడు. 'గుమాస్తా ప్రశాంత్, సర్వర్ రూంలో డ్యూటీలో మృతి.'

రెండింటికి ఇంకా నాలుగు సెకన్లున్నాయనగా వైరస్ మెయిల్ ఆగిపోయింది.

గనిలో ఉన్నవాళ్లంతా పైకి వచ్చేశారు. కార్మికులతో గేటు నిండిపోయి యమున కారు కదల్లేదు. లిస్టులో ఉన్న చీఫ్‌కీ కబురు అందింది. తోడుండాల్సిన యమున కారులో పారిపోతుంటే అనుమానం వచ్చి, ఆయన మనుషులు ఆమెను అక్కడే పట్టుకున్నారు.

గడ్డపారతో తలుపు పగలగొట్టింది ఎల్లేశమే. బొగ్గు మొహం మీద కన్నీళ్ల చారలు. బామ్మర్ది బతికుండటం చూసి, గట్టిగా కావలించుకుని ఏడ్చాడు. తర్వాత బయటికి తీసుకొచ్చి ఫోన్ చేతికిచ్చాడు.

"నువ్వు పోయినవని మీ అక్కకు ఫోన్ జేసి చెప్పిన. బతికే ఉన్నవని ఇగ నువ్వే చెప్పు. నాతోని కాదు."

ప్రశాంత్‌కి సర్వర్ రూమే నయమనిపించింది.