బిగించిన మూత

ప్రొఫెసర్ రాజేశ్వర్ రావును చంపింది ఒక మూత.

లిక్విడ్ నైట్రోజన్ ఫ్లాస్కును ఎప్పుడూ గట్టిగా మూయకూడదు. లోపల అది మరుగుతూనే ఉంటుంది. గ్యాస్ పోయే దారి లేకపోతే ఉక్కు పాత్రనైనా చీల్చేస్తుంది. ఎవరో ఆ ఫ్లాస్కు మూతను బిగించి వెళ్లారు. వరంగల్‌లోని ల్యాబ్ గోడ కూలింది, ప్రొఫెసర్ పోయాడు. ఎంక్వైరీ కమిటీ మాత్రం 'సొంత అజాగ్రత్త' అని తేల్చి చేతులు దులుపుకుంది.

ఆ మాట వినగానే ఏజెంట్ వెంకట్రాజానికి ఒళ్లు మండిపోయింది. గూఢచారి కాకముందు అతను ఆయన శిష్యుడు. మూతిలో దూది మాత్రమే పెట్టాలని చెవి మెలిపెట్టి నేర్పింది ఆయనే. రైస్ మిల్లు తుక్కులోంచి ఏరుకొచ్చిన సామానుతో వాక్యూమ్ పంపు కట్టి, జీవితమంతా అణువుల మందాన పొర మీద పొర పేర్చిన మనిషి అజాగ్రత్తగా చచ్చాడట!

1985 వేసవి. మట్టెవాడలో ఓ బట్టల దుకాణం మేడమీద చీఫ్ కిషన్ రావు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"క్వాంటమ్ వెల్ ఫిల్మ్. గోరంత ముక్క. చీకట్ల మనిషి ఒంటి వేడిని సుత పసిగడ్తది. మిస్సైల్‌కు కన్నసుంటిది. ప్రొఫెసర్ పోయిననాడే మాయమైంది."

"ఎవరు సార్?"

"రిక్టర్. విదేశీ ముఠా లీడర్. వాని పక్కల మన మనిషిని పెట్టినం. డాక్టర్ భారతి. నీ క్లాస్‌మేటే గద?"

"అవును సార్. రిక్టర్‌ను చంపుత."

"జర సబర్ పట్టు. వాడు పాణంతోటి గావాలె."

"మాటియ్యలేను సార్."

చీఫ్ అతని చేతిలో ఒక పెన్ను పెట్టాడు. గాజు గొట్టాల్లో లీకులు పట్టే స్పార్క్ టెస్టర్‌ను కుదించి చేసిన ఆయుధం. తాకితే మనిషి కుప్పకూలుతాడు. "కోడ్ యాదుంచుకో. 'మక్కలు దిగినయా' అంటే 'తడిసినయి' అనాలె."

వెంకట్రాజం బుర్ర చురుగ్గా పనిచేసింది. ఫిల్మ్ చల్లగా లేకపోతే పొరలు కలిసిపోయి పాడవుతుంది. ఈ చుట్టుపక్కల లిక్విడ్ నైట్రోజన్ దొరికేది ఒక్క పశువైద్యుల దగ్గరే. బర్రెలను చూలు కట్టించే సూదుల మందును అందులోనే దాస్తారు. ప్రొఫెసర్ కూడా అక్కడే అడిగి తెచ్చుకునేవాడు. వాకబు చేస్తే, నైట్రోజన్ క్యాన్‌తో సహా పశువుల దవాఖాన జీపు ఒకటి పొద్దున్నుంచీ కనబడటం లేదని తెలిసింది. ములుగు వైపు వెళ్లిందట.

అదే రిక్టర్ చేసిన తప్పు. ఆ జిల్లాలో పోలీసు జీపు వస్తే జనం పక్కకు తప్పుకుంటారు. పశువుల జీపు కనబడితే ఊరు ఊరంతా బర్రెలతో వచ్చి అడ్డం నిలుస్తుంది.

తలకు రుమాలు, చేతిలో ముల్లుగర్రతో పశువుల బేరగాడి వేషంలో వెంకట్రాజం చేరేసరికి జీపు చుట్టూ తిరనాళ్లలా ఉంది. సమ్మమ్మ అనే రైతు ఆడమనిషి బానెట్‌కు తన బర్రెను ఆనించి నిలబడింది.

"పొద్దటిసంది ఎదకచ్చి ఒర్రుతాంది సారూ! సూది ఏసినంకనే కదులుండ్రి!"

టోపీ పెట్టుకుని డెయిరీ నిపుణుడి వేషంలో ఉన్న రిక్టర్ చెమటలు కక్కుతున్నాడు. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, సెంటు గుబాళింపుతో జీపు దిగి జనాన్ని బుజ్జగిస్తోంది భారతి.

వెంకట్రాజం ఆమె పక్కకు చేరాడు. "మక్కలు దిగినయా?"

"తడిసినయి," అంది భారతి తియ్యగా. మరుక్షణం అతని డొక్కలో పిస్టల్ గుచ్చుకుంది. "సారీ రాజం. సార్ ఫిల్మ్‌కు అసలు గిరాకీ విదేశాలల్నే ఉన్నది."

అతనికి అంతా అర్థమైంది. ఫ్లాస్కు మూతతో మనిషిని చంపవచ్చని తెలిసింది ఆయన శిష్యులకే. అప్పుడు జీపులో ఫిల్మ్ దాచిన క్యాన్ కనబడింది.

గుంతల రోడ్డు మీద ఒలికిపోతోందని రిక్టర్, భారతికి చెప్పకుండానే, దానికి రబ్బరు బిరడా దిగ్గొట్టి ఇనుప తీగ చుట్టేశాడు. క్యాన్ లోపలినుంచి కీచుమంటోంది.

"ఎనుకకు తిరిగి సూడు," అన్నాడు వెంకట్రాజం.

చూసింది. పిస్టల్ మీద పట్టు సడలింది. అతను ఆమె మణికట్టు విరిచి పిస్టల్ లాగేశాడు. పరుగెత్తబోయిన రిక్టర్ మెడకు పెన్ను తాకించాడు. వాడు పేడలో బోర్లా పడ్డాడు.

"బర్రెలను తోలుండ్రి! దూరం పోండ్రి!"

జనం చెల్లాచెదురై అల్లంత దూరాన ఆగారు. వెంకట్రాజం భారతిని క్యాన్ పక్కనే పట్టుకుని కదలలేదు. వదిలేసి పారిపోతే పగ దానంతట అదే తీరుతుంది. కానీ ఫిల్మ్ పోతుంది, ఆయన మీద పడ్డ మచ్చా అలాగే ఉండిపోతుంది.

"సార్ ఫ్లాస్కు ఎవరు మూసిండ్రు? అందరికి ఇనబడేటట్టు చెప్పు."

"రాజం, పేలుతది! నువ్వు సుత సస్తవు!"

"సస్త. చెప్పు."

క్యాన్ పక్కలు ఉబ్బాయి.

"నేనే!" అరిచింది భారతి. "నేనే మూసిన! సార్ తప్పేం లేదు! ఇప్పనియ్యి!"

వదిలాడు. ఆమె తీగ ఊడదీసింది. బిరడా తుపాకి గుండులా లేచి జీపు టాపును చీల్చుకుపోయింది. తెల్లటి పొగ ఎగజిమ్మి ఆమె చేతులు బొబ్బలెక్కాయి. వెంకట్రాజానికి జాలి కలగలేదు.

చీఫ్ వచ్చేసరికి ఫిల్మ్ చెక్కుచెదరకుండా ఉంది. విన్నది చెప్పడానికి ఊరంతా సిద్ధంగా ఉంది. ప్రొఫెసర్ పేరు మీద మచ్చ పోయినట్టే. సమ్మమ్మ మాత్రం బర్రెతో మళ్లీ జీపు ముందుకొచ్చి నిలబడింది.

"మీ పంచాది మీరు తెంపుకున్నరు. నా బర్రె సంగతేంది బిడ్డా?"

దేశ రహస్యాన్ని కాపాడిన ఏజెంట్ వెంకట్రాజం ఆ సాయంత్రం ములుగు పశువుల దవాఖాన ముందు, సమ్మమ్మ బర్రె పలుపు చేతబట్టుకుని లైన్లో నిలబడ్డాడు.