పెద్దమ్మ పళ్ళెంలో డొల్ల బోరెక్‌లు

మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి పెలిన్ చేతిలో ఉన్న సరుకు ఇది: ఇరవై నాలుగు పల్చటి పిండి రేకుల ప్యాకెట్టు, ఒక గిన్నెడు తెల్ల చీజ్, ఒక కట్ట పార్స్లీ, కప్పులో నీళ్ళు, గంటన్నర టైము. వీటితో ఇరవై నాలుగు బోరెక్‌లు, అంటే చీజ్ చుట్టలు, చుట్టి పెట్టాలి. అమ్మ నెర్మిన్ ఆరింటికి తను పనిచేసే మందుల షాపు నుంచి వచ్చి వేయిస్తుంది. పదేళ్ళ పెలిన్‌కి అమ్మ ఒంటరిగా అప్పజెప్పిన మొదటి వంటపని అది.

బల్ల మీద ఇంకొకటి కూడా ఉంది. నీలం అంచు పళ్ళెం. అది కింది అంతస్తు మునీరె పెద్దమ్మది. ఆదివారం ఆవిడ అందులో ద్రాక్షాకుల చుట్టలు పెట్టి పంపింది. తిని పళ్ళెం కడిగేశారు. కానీ ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదు. ఎస్కిషెహిర్ ఊళ్ళో ఏ బిల్డింగులోనైనా అంతే.

"ఎనిమిది పెద్దమ్మకి. మిగతావి మనకి, రేపు నీ లంచ్ బాక్సుకి," అని అమ్మ పొద్దున్నే లెక్క చెప్పి వెళ్ళింది.

పని కష్టమైనదేం కాదు. మూడు మూలల రేకు పరిచి, వెడల్పు వైపు చెంచాడు చీజ్ పెట్టాలి. రెండు పక్కలూ లోపలికి మడిచి చుట్టుకుంటూ పోయి, చివర తడి అద్దాలి. వేలెడు పొడవు చుట్ట వస్తుంది.

పెలిన్ మొదటిదాంట్లో చెంచాన్నర పెట్టింది. బొద్దుగా, ముద్దుగా వచ్చింది. రెండోదీ అలాగే చుట్టింది. పదహారు అయ్యేసరికి గిన్నెలో పార్స్లీ ఆకు ఒకటి మిగిలింది. రేకులు ఇంకా ఎనిమిది ఉన్నాయి.

అప్పుడే కింద పెరట్లోంచి స్నేహితురాలు బెర్రాక్ అరిచింది.

"పెలిన్! వస్తున్నావా, ముసలమ్మలతో కలిసి వంటలు చేసుకుంటావా?"

"వస్తున్నా, పది నిమిషాలు!"

"నీ పది నిమిషాలు మాకు తెలుసులే. గెంతే ఆటకి ఎలాస్టిక్ కట్టేశాం!"

వీధి చివర కొట్లో చీజ్ దొరుకుతుంది. అమ్మ ఖాతా ఉంది. వెళ్ళి రావడానికి పదిహేను నిమిషాలు. పదిహేను నిమిషాలంటే రెండు ఆటలు.

పెలిన్ ఖాళీ రేకు ఒకటి చుట్టి చూసింది. పైకి ఏ తేడా లేదు. బోరెక్ లోపల ఏముందో కొరికినవాడికి తప్ప తెలీదు. మిగతా ఏడూ కూడా చకచకా చుట్టేసి వేరే ట్రేలో పెట్టింది.

మరి ఇవి ఎవరికి? ఇంట్లో ఉంచితే అమ్మ మొదటి ముక్కకే పట్టేస్తుంది. పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. మెత్తటి మనిషి. ఏమీ అనదు.

అడగని గిరాకీకి పుచ్చు సరుకు అంటగట్టే లెక్క అది. పెలిన్‌కి దాని పేరు తెలియదు. లెక్క మాత్రం వచ్చేసింది.

అమ్మ ఆరింటికి వచ్చి, కోటు విప్పకుండానే మూకుడు పెట్టింది.

"ఈ ట్రే ఏంటి, విడిగా ఉంది?"

"అవి పెద్దమ్మకి. ముందే తీసి పెట్టా."

"చూశావా, నాకు కూడా తోచలేదు. ముందు పొరుగువాళ్ళకి, తర్వాత మనకి. మా అమ్మ పోలిక వచ్చింది నీకు."

డొల్లవి నూనెలో తేలికగా తేలి, బంగారు రంగులో పొంగాయి. అమ్మ వాటిని నీలం అంచు పళ్ళెంలో పేర్చి మురిసిపోయింది.

"మనవాటి కంటే ఇవే బాగా పొంగాయి. వేడిగా ఉండగానే ఇచ్చి రా."

కింది అంతస్తులో తలుపు ముందు రెండు జతల చెప్పులున్నాయి. ఒక జత పెద్దమ్మవి. రెండో జత కొత్తవి, మెరిసే నల్ల బూట్లు. అంటే లోపల ఎవరో అతిథి ఉన్నారు. పెలిన్ వెనక్కి తిరగబోయింది. అప్పటికే గంట మోగించేసింది.

"రా తల్లీ, సమయానికి తెచ్చావు," అంది మునీరె పెద్దమ్మ. "అంకారా నుంచి మా ఆడపడుచు ఫెరిహా వచ్చింది. టీలోకి బిస్కెట్లు తప్ప ఏమీ లేవని చిన్నబోతున్నా. నెర్మిన్ చెయ్యి చల్లగుండ."

"పెద్దమ్మా, అవి..."

"ఆగు, కదలకు. నీకు వాల్‌నట్ మిఠాయి తెస్తాను."

పెలిన్ గుమ్మంలోనే నిలబడింది. లోపల పళ్ళెం బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత కరకరమని ఒక చప్పుడు.

"వదినా," అంది కొత్త గొంతు. "ఇందులో ఏముంది?"

"ఏముంటుంది, చీజ్."

"చీజా? నేను కొరికింది గాలి. ఇదిగో, ఇంకోటి విరుస్తున్నా చూడు. ఇదీ గాలే. మీ పై ఇంటివాళ్ళకి చీజ్ అంత ప్రియమైపోయిందా? ఇవ్వడం ఇష్టం లేకపోతే ఊరుకోవాలి. ఇలా చుట్టి పంపడం ఎందుకు?"

పెలిన్ గోడవైపు జరిగింది.

"లేదు ఫెరిహా," అంది పెద్దమ్మ మెల్లగా. "నేనే వద్దన్నాను. డాక్టరు కొలెస్ట్రాల్ అన్నాడుగా. నెర్మిన్ గుర్తు పెట్టుకుని నాకోసం విడిగా చేసింది. నువ్వొస్తావని తనకేం తెలుసు?"

కాసేపటికి పెద్దమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. ముఖంలో ఏ మార్పూ లేదు. మిఠాయి ముక్క పెలిన్ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"అమ్మకి చెప్పు, చాలా బాగున్నాయని."

పెలిన్ ఆ మిఠాయి తినలేదు. మెట్లెక్కుతూ ప్రతి మెట్టు దగ్గరా అది చేతిలో మరింత అంటుకుంది.

"ఏమంది పెద్దమ్మ?" అని అడిగింది అమ్మ.

"చాలా బాగున్నాయంది."

"మరి నువ్వు తినవేం? ఆకలి లేదా?"

పెలిన్ ఒకటి తీసుకుంది. లోపల చెంచాన్నర చీజ్. ఒక్క ముక్క కొరికి పళ్ళెంలో పెట్టేసింది.

గురువారం మెట్ల మీద పెద్దమ్మ ఎదురైంది. అమ్మ ఆగింది.

"అక్కా, బోరెక్‌లు ఎలా ఉన్నాయి? మొత్తం మా పిల్లే చుట్టింది. నేను వేయించానంతే."

పెద్దమ్మ చూపు ఒక్క క్షణం పెలిన్ మీద నిలిచింది.

"అలాగా," అంది. "ఒక్కటి మిగల్లేదు. చేతులు చల్లగుండ."

అమ్మ నవ్వుతూ పెలిన్ భుజం నిమిరింది. పెలిన్ చెవులు కాలిపోయాయి. తప్పు తనది. దాన్ని కప్పడానికి ఒకావిడ అబద్ధమాడింది. ఇంకొకావిడ అంకారాలో కూర్చుని అమ్మని పిసినారి అనుకుంటోంది. అమ్మేమో ఏమీ తెలియక, ఆ పొగడ్త తీసుకుని మెట్లెక్కుతోంది. ఎలా కూడినా తీసినా బాకీ పెలిన్ దగ్గరికే వచ్చి ఆగింది. తిట్టే మనిషి ఉంటే ఎంతో కొంత తీరేది. తిట్టేవాళ్ళే లేరు.

శుక్రవారం బడి నుంచి రాగానే పెలిన్ మందుల షాపుకి ఫోను చేసింది.

"అమ్మా, ఫ్రిజ్‌లో పన్నెండు రేకులున్నాయి. చీజ్ కూడా ఉంది. చుట్టనా?"

"చుట్టు తల్లీ. ఇంకా నయం, రాత్రికి ఏం చెయ్యాలా అనుకుంటున్నా."

ఈసారి రేకు ముట్టుకోకముందే చీజ్ మొత్తం పళ్ళెంలో పరిచింది. చెంచాతో పన్నెండు కుప్పలు పెట్టింది. ఒకటి పెద్దదైతే గిల్లి చిన్నదాంట్లో కలిపింది. పన్నెండూ సరిపోయాక చుట్టడం మొదలుపెట్టింది.

"పెలిన్! దిగుతున్నావా?" కింద నుంచి బెర్రాక్.

"ఇవాళ రాను."

"ఎందుకూ?"

"పనుంది. నా బదులు ఎవర్నైనా పెట్టుకోండి."

ఆరు చుట్టలు పచ్చివే పళ్ళెంలో పెట్టుకుని కిందికి దిగింది. ఈసారి పళ్ళెం పెలిన్ వాళ్ళదే. తిరిగి ఇవ్వాల్సిన బాకీ పళ్ళెమేం లేదు. గంట మీద వేలు పెట్టి చాలాసేపు నొక్కకుండా నిలబడింది. తర్వాత నొక్కింది.

"పెద్దమ్మా, మంగళవారం బోరెక్‌ల సంగతి అమ్మకి తెలీదు," అంది తలుపు తెరుచుకోగానే. ఆగితే మళ్ళీ మాట రాదని భయం. "చీజ్ అయిపోయింది. ఆటకి పోవాలని ఖాళీగా చుట్టేశా. ఖాళీవని తెలిసే మీకు పెట్టా."

మునీరె పెద్దమ్మ పళ్ళెం అందుకోలేదు.

"నాకే ఎందుకు పెట్టావు?"

పెలిన్‌కి ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మూడు రోజులుగా జవాబు కూడా తెలుసు. అదే నోరు దాటడం లేదు.

"మీరు ఏమీ అనరని."

పెద్దమ్మ పళ్ళెంలోని ఆరు చుట్టల వైపు చూసింది.

"బాగుంది," అంది చివరికి. "నా మంచితనానికి మంచి ధరే కట్టావు."

పెలిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వెళ్ళిపోలేదు.

"అంకారా ఆవిడకి ఫోను చెయ్యండి పెద్దమ్మా. నేను చెప్తాను. మా అమ్మ పిసినారి కాదు."

"చెప్తే నా కొలెస్ట్రాల్ కథ కూడా బయటపడుతుందే."

ఆ సంగతి పెలిన్‌కి తట్టలేదు. తలవంచుకుంది. పెద్దమ్మ నిట్టూర్చి, పళ్ళెం అందుకుని బల్ల మీద పెట్టి, ఫోను తీసింది.

"పడనీలే. నువ్వు ఇన్ని మెట్లు దిగొచ్చావు. నేను ఒక్క నంబరు నొక్కలేనా?"

స్పీకర్‌లో అటువైపు ఫెరిహా గొంతు పలికింది. పెలిన్ ఆగకుండా మొత్తం చెప్పింది. ఆటా, ట్రే, ఎనిమిది ఖాళీ రేకులూ. ఏదీ తగ్గించలేదు.

"కొలెస్ట్రాల్ అబద్ధమని నాకు అప్పుడే తెలుసు," అంది ఫెరిహా. "ఆ పొద్దున మా వదిన నా ఎదురుగా కూర్చుని అరముద్ద చీజ్ లాగించింది. ఏం వదినా, వింటున్నావా?"

"వింటున్నా," అంది పెద్దమ్మ, ముఖం పక్కకి తిప్పుకుని.

"సరే పిల్లా. నా మనసులోని బాకీ చిట్టాలో మీ అమ్మ పేరు కొట్టేశాను. నీ పేరు రాసుకున్నాను. అడుగుతావా, కొట్టెయ్యమని?"

"అడగను," అంది పెలిన్.

సాయంత్రం అమ్మ వచ్చింది. కోటు విప్పేలోపే పెలిన్ ఆవిడకీ చెప్పింది. అమ్మ కుర్చీలో కూలబడింది.

"నిన్న మెట్ల మీద నేను నవ్వుతుంటే పక్కనే నిలబడ్డావు."

"ఊఁ."

"ఆవిడ ముఖం ఎలా చూడాలి నేను ఇప్పుడు?"

అమ్మ కాసేపు కూర్చుని, లేచి మూకుడు పెట్టింది. ఆ రాత్రి ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. బోరెక్‌లు మాత్రం అయిపోయాయి.

చివరి లెక్కకి వస్తే, పెలిన్‌కి పోయింది ఒక శుక్రవారం ఆట, మూడు రోజుల నిద్ర. వచ్చింది అంకారాలో ఒక గిరాకీ. ఆవిడ ఎప్పుడు వచ్చినా పెలిన్ చుట్టినవే కావాలని కబురు పెడుతుంది. పళ్ళెం రాగానే అందరి ముందూ ఒకటి తీసి, తినకుండా విరిచి, లోపల చూస్తుంది. ఆవిడ చూసి తల ఊపేదాకా పెలిన్ బల్ల పక్కనే నిలబడుతుంది. చూపు నేల మీదికి పోనివ్వదు.